ఫైబ్రాయిడ్లకు ఎంబోలైజేషన్: మళ్లీ చికిత్స అవసరమైతే దాన్ని వైఫల్యం అనవచ్చా?

చర్చ ప్రారంభం:
గర్భాశయ ధమనుల్లోకి సన్నని రేణువులను పంపి, ఫైబ్రాయిడ్లకు (గర్భసంచిలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డలకు) రక్తం అందకుండా చేసే ఎంబోలైజేషన్ ఫలితాలను పారిస్‌కు చెందిన జాక్ రవీనా బృందం 1995లో ప్రచురించింది. కోత లేని చికిత్సగా దీనికి మంచి పేరు వచ్చింది. అయితే ఎంబోలైజేషన్‌ను హిస్టరెక్టమీతో (గర్భసంచి తొలగించే ఆపరేషన్‌తో) పోల్చిన నెదర్లాండ్స్‌లోని ఎమ్మీ అధ్యయనంలో ఎంబోలైజేషన్ చేయించుకున్న 81 మందిలో 28 మందికి పదేళ్లలోపు గర్భసంచి తీసివేయవలసి వచ్చింది. బ్రిటన్‌లోని రెస్ట్ అధ్యయనంలో ఐదేళ్లలో మళ్లీ చికిత్స అవసరమైనవారు ఎంబోలైజేషన్ వర్గంలో 32 శాతం, శస్త్రచికిత్స వర్గంలో 4 శాతం. పిల్లలు ఇక వద్దనుకున్నవారికి ఒకేసారి పూర్తయ్యే హిస్టరెక్టమీనే ముందుగా సూచించడం మేలని నా అభిప్రాయం.

మొదటి స్పందన:
మీరిచ్చిన అంకెలు సరైనవే, కానీ ముగింపుతో నేను ఏకీభవించలేను. గర్భసంచినే తీసివేశాక ఫైబ్రాయిడ్ తిరిగి పెరగడానికి చోటుండదు. కనుక మళ్లీ చికిత్స అనే ఒక్క కొలమానాన్నే పట్టుకుంటే పోలిక మొదలుకాకముందే ఫలితం తేలిపోతుంది. ఎమ్మీలో చేరినవారందరూ అధిక రక్తస్రావంతో హిస్టరెక్టమీ దాకా వచ్చినవారే. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి పదేళ్ల తర్వాత కూడా ఆ ఆపరేషన్ అవసరం రాలేదు. జీవన నాణ్యతలోనూ రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆ 28 మందిలో 19 మందికి మొదటి రెండేళ్లలోనే గర్భసంచి తీయవలసి వచ్చింది, తర్వాతి ఎనిమిదేళ్లలో మరో 9 మందికే. అంటే చికిత్స పనిచేయకపోతే ఆ సంగతి ఎక్కువగా తొలినాళ్లలోనే బయటపడుతుంది. ఆ దశ దాటినవారిలో చాలామంది ముట్లు ఆగే వయసుకు చేరువవుతారు. అప్పుడు ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గి ఫైబ్రాయిడ్లు వాటంతటవే కుంచించుకుపోతాయి. నలభై అయిదేళ్ల స్త్రీకి ఆ కొన్నేళ్ల ఉపశమనం చిన్న విషయమేమీ కాదు.

రెండవ స్పందన:
గర్భసంచి ఉంచుకోవాలనుకునేవారి విషయంలో అసలు పోలిక మయోమెక్టమీతో, అంటే గర్భసంచిని ఉంచి ఫైబ్రాయిడ్లను మాత్రమే తీసే ఆపరేషన్‌తో ఉండాలి. ఈ రెండింటినీ పోల్చుతూ బ్రిటన్‌లో 254 మందితో జరిగిన ఫెమ్ అధ్యయనం 2020లో వెలువడింది. రెండు వర్గాలూ మెరుగుపడ్డాయి గానీ, రెండేళ్ల నాటికి ఫైబ్రాయిడ్లకు సంబంధించిన జీవన నాణ్యత మయోమెక్టమీ వర్గంలోనే ఎక్కువగా ఉంది. వేడితో ఫైబ్రాయిడ్ కణజాలాన్ని నాశనం చేసే రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్, కేంద్రీకృత అల్ట్రాసౌండ్ వంటి కొత్త పద్ధతులకు ఎంబోలైజేషన్‌కున్నంత దీర్ఘకాలిక ఆధారం ఇంకా లేదు. గర్భం దాల్చాలనుకునేవారు నిర్ణయానికి ముందే ఈ సంగతులన్నీ వైద్యుల వద్ద అడగాలి.

చర్చ ప్రారంభించినవారి జవాబు:
తొలి రెండేళ్ల లెక్కను నేను ఇలా విడదీసి చూడలేదు. అది నిజంగా ముఖ్యమైన అంశమే. పిల్లలు ఇక వద్దనుకున్నవారందరికీ హిస్టరెక్టమీనే ముందుగా సూచించాలన్న మాటను ఉపసంహరించుకుంటున్నాను. కానీ ఎంబోలైజేషన్‌కు సమ్మతి పత్రం మీద సంతకం తీసుకునేటప్పుడు, ముగ్గురిలో ఒకరికి తర్వాత గర్భసంచి తీయవలసి రావచ్చని, అది ఎక్కువగా తొలి రెండేళ్లలోనే జరుగుతుందని చికిత్స చేయించుకునే స్త్రీకి అర్థమయ్యే మాటల్లో చెప్పి తీరాలి. అది దాచితే, కోత లేదన్న ఒక్క మాట విని ఆమె తీసుకున్న నిర్ణయాన్ని పూర్తి సమ్మతిగా నేను అంగీకరించలేను.