మిర్చి కోల్డ్ స్టోరేజీకి 125 కేవీఏ జనరేటర్ చాలదా?

గుంటూరు దగ్గర మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ. 40 హెచ్‌పీ కంప్రెసర్లు రెండు, ఫ్యాన్లు, పంపులు అన్నీ కలిపి 75 కిలోవాట్లు. మే నెలలో కరెంటు పోయిన రాత్రి రెండో కంప్రెసర్ వేయగానే మా 125 కేవీఏ జనరేటర్ ఆగిపోయింది. లోపల రైతుల టిక్కీలు (మిర్చి బస్తాలు), తెల్లారేదాకా టెన్షన్. డీలరేమో 250 కేవీఏ కొనమంటున్నాడు.

రైస్ మిల్లు మెకానిక్:
పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా పనికొచ్చే వాటా) 0.8 మీద 125 కేవీఏ అంటే 100 కిలోవాట్లు. నడవడానికి చాలు. చిక్కంతా స్టార్టింగ్‌లోనే. మోటారును ముందు తక్కువ వోల్టేజీ మీద (స్టార్) మొదలెట్టి, తర్వాత పూర్తి వోల్టేజీకి (డెల్టా) మార్చే స్టార్-డెల్టా స్టార్టర్లు ఉన్నాయా?

అడిగినవారు:
రెండో కంప్రెసర్ స్టార్టర్ కాలిపోతే ఎలక్ట్రీషియన్ అది లేకుండా డైరెక్ట్‌గా కలిపేశాడు అన్నా.

రైస్ మిల్లు మెకానిక్:
అదే తమ్ముడూ అసలు సంగతి! డైరెక్ట్‌గా వేస్తే మోటారు ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది. స్టార్‌లో అది మూడో వంతే. ముందు స్టార్టర్ మార్చు, కంప్రెసర్ల మధ్య టైమర్ పెట్టు. 250 మాత్రం వద్దు. డిసెంబరుకు సరుకు ఖాళీ అయ్యాక ఒక్క కంప్రెసర్ మీద నడిపితే లోడు 30 శాతం కూడా ఉండదు. డీజిల్ సరిగా కాలక సైలెన్సర్ నుంచి నల్లటి జిడ్డు కారుతుంది. మా మిల్లులో ఇంజన్ అలాగే పాడైంది, ఇప్పటికీ బాధే.

భీమవరం ఐస్ ప్లాంట్:
జనరేటర్ స్టార్ట్ చేసే బ్యాటరీ కూడా చూసుకోండి. మేం నెలకోసారి అరగంట లోడు మీదే నడుపుతాం, ఖాళీగా తిప్పం.