నల్ల డాబర్‌మాన్ జంటకు తెల్ల పిల్లలు: క్రాసా, ఆల్బినోనా?

బి_క్యాంప్_డాబర్, కర్నూలు:

అన్నలూ, తెలిసినోళ్లు చెప్పండి. తల్లీ తండ్రీ రెండూ నలుపు డాబర్‌మాన్లే, కనుబొమ్మల మీద, ఛాతీ మీద, కాళ్ల మీద మామూలుగా ఉండే ఎరుపే ఉంది. ఎనిమిది పిల్లల్లో ఆరు తల్లి రంగు, రెండు మీగడ రంగు. ఇప్పుడు ఆరు వారాలు. ఆ రెండింటి ముక్కులు గులాబీ రంగులోనే ఉండిపోయినాయి. కళ్లు లేత నీలం. మధ్యాహ్నం వరండాలో వదిలితే కళ్లు చికిలించుకుంటా గోడవారకు పోతాయి. దగ్గరగా చూస్తే ఎరుపు ఉండాల్సిన చోట మచ్చ ఉంది గానీ, అది ఒళ్లు కన్నా ఇంకా తెలుపు. ఈడ అందరూ వీధిలో స్పిట్జ్ కలిసిందంటాండారు. మగకుక్క యజమాని తన కుక్కలో లోపమే లేదంటాండాడు. ఇవి క్రాసేనా? చెవుడు వస్తుందా? నల్ల పిల్లల్ని రేపు బ్రీడింగ్‌కి వాడొచ్చా?

రంగు_జన్యువు, అనంతపురం:

క్రాస్ కాదు. మీరు చెప్పిన ఆ మచ్చలే సాక్ష్యం. డాబర్‌మాన్ మచ్చల నమూనా చెక్కుచెదరకుండా ఉంది, రంగే పడలేదు.

స్పిట్జ్ మాట ఎందుకు నిలవదంటే, తెల్ల స్పిట్జ్ తెలుపు వేరు. దాంట్లో ఎంసి1ఆర్ అనే జన్యువు రెండు ప్రతులూ పనిచేయవు. అందుకే వెంట్రుకల్లో నలుపు తయారుకాదు, ఎరుపు వర్ణకం ఒక్కటే వస్తుంది, అదీ వెలిసిపోయి తెల్లగా కనిపిస్తుంది. ముక్కు, కనురెప్పల అంచులు మాత్రం నల్లగానే ఉంటాయి. పైగా అది అంతర్గత లక్షణం, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. డాబర్‌మాన్‌లో ఆ జన్యువు మామూలుగా బాగానే ఉంటుంది కాబట్టి స్పిట్జ్ కలిసినా మొదటి తరంలో తెల్లపిల్ల పుట్టదు.

మీ పిల్లలది ఆల్బినిజమే అనిపిస్తోంది. 2014లో డాబర్‌మాన్‌లలో దీని మూలం దొరికింది: ఎస్‌ఎల్‌సి45ఏ2 జన్యువులో 4,081 డీఎన్‌ఏ అక్షరాల ముక్క ఎగిరిపోవడం. రంగు కణాలు ఒంట్లో ఉంటాయి, మెలనిన్ అనే వర్ణకం తయారీయే సరిగ్గా జరగదు. రంగు పూర్తిగా పోదు గనకే మీగడ ఛాయ, నీలం కళ్లు. కళ్లు ఎర్రగా ఉంటేనే ఆల్బినో అనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు. అమెరికాలో ఇలాంటి తెల్ల డాబర్‌మాన్ 1976లోనే నమోదైంది. తర్వాత ఆ రంగు కోసం దగ్గరి రక్తంలోనే కలుపుతూ పోయారు, అది చాలా తప్పు.

మగకుక్క యజమానితో గొడవ వద్దు. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఒక్కో చెడు ప్రతి ఉంటేనే ఇవి పుడతాయి. తప్పు ఒకవైపుకు తోయడానికి లేదు.

కడప_కెన్నెల్:

చెవుడు సంగతి నేను చెప్తా. తెల్లకుక్కంటే చెవుడు అనే మాట మచ్చల తెలుపుకూ, డబుల్ మెర్ల్‌కూ (రంగును అక్కడక్కడా వెలిసేలా చేసే మెర్ల్ జన్యువు రెండు ప్రతులున్న కుక్క) వర్తిస్తుంది. డాల్మేషియన్‌లో, డోగో అర్జెంటీనోలో తెల్లభాగానికి అసలు రంగు కణాలే చేరవు. లోపలి చెవిలో ద్రవం సమతూకం నిలిపేది ఆ కణాలే. అవి లేకపోతే మూడు నాలుగు వారాల వయసులో వినికిడి కణాలు చచ్చిపోతాయి. మెర్ల్‌ని మెర్ల్‌తో కలిపితే నాలుగో వంతు పిల్లలకు రెండు ప్రతులూ వచ్చి చెవులతోపాటు కళ్లూ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆల్బినోలో కణం ఉంది కాబట్టి సాధారణంగా బాగానే వింటుంది. అయినా చూసుకోండి: పిల్ల నిద్రలో ఉండగా వెనకనుంచి, గాలి తగలకుండా, నేల అదరకుండా తాళాలగుత్తి ఆడించండి. ఒక్క చెవే పోతే ఇంట్లో తెలియదు, దానికి బేర్ పరీక్ష (శబ్దానికి మెదడు స్పందనను యంత్రంతో కొలవడం) ఒక్కటే దారి.

అసలు భయం ఎండ. పెద్దయ్యాక తెల్ల డాబర్‌మాన్‌లకు రంగు కణాల కణితులు మామూలువాటికన్నా చాలా ఎక్కువగా వస్తాయి. నెలకోసారి పెదవులు, కనురెప్పలు, ముక్కు, పొట్ట తడిమి చూడండి. మానని పుండైనా, గులాబీ రంగు బుడిపైనా వెంటనే డాక్టరుకు చూపాలి. ఈ కుక్కల్లో కణితి నల్లగానే ఉంటుందని కాచుకుని కూర్చోవద్దు. పొద్దున ఏడులోపు, సాయంత్రం ఆరు దాటాకే బయటికి తిప్పండి. షెడ్డు తలుపు సున్నం కొట్టిన గోడకు ఎదురుగా పెట్టొద్దు, ఆ తెల్లటి వెలుగు కళ్లకు నరకం. జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీములు రాయొద్దు, కుక్క నాకితే విషం. కళ్లు చూపించడానికి ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీ ఉంది.

బి_క్యాంప్_డాబర్, కర్నూలు:

చాలా మేలు చేసినారు. నల్ల పిల్లల సంగతి కూడా చెప్పండన్నా. ఇదే జంటను మళ్లీ కలపొచ్చా?

రంగు_జన్యువు, అనంతపురం:

ఈ జంటను మళ్లీ కలపొద్దు. ప్రతి పిల్లకూ నాలుగింట ఒకవంతు అవకాశం మళ్లీ అట్లే ఉంటుంది, ఇంతకుముందు రెండు పుట్టాయి కదా అని అది తగ్గదు. నల్లగా పుట్టిన ఒక్కో పిల్ల క్యారియర్ (ఒక చెడు ప్రతిని లోపల మోసేది) అయ్యే అవకాశం మూడింట రెండు. అంటే ఆరింట సగటున నాలుగు. పైకి ఏమీ తెలియదు, జన్యు టెస్టు తప్ప మార్గం లేదు.

నోటి స్వాబ్ చాలు. గంట ముందునుంచి తిండి, తల్లిపాలు ఆపండి. పాలు అంటుకుంటే తల్లి కణాలు కలిసి ఫలితం తారుమారవుతుంది. ఒక్కో పిల్లకు విడివిడి స్వాబ్ తీసుకుని, బుగ్గ లోపల 30 సెకన్లు గట్టిగా తిప్పండి. గదిలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్‌లో తేమకు బూజు పడుతుంది. ల్యాబుకు ఆర్డరు ఇచ్చేటప్పుడు డాబర్‌మాన్ మార్పు అని రాయాలి. పొమెరేనియన్, లాసా ఆప్సోలలో అదే జన్యువులో వేరే మార్పు ఉంటుంది, ఆ టెస్టు పెడితే మీ క్యారియర్ కూడా నార్మల్ అనే వస్తుంది. అదే శాంపిల్‌తో వాన్ విల్లెబ్రాండ్ టెస్టు కూడా చేయించండి, ఈ జాతిలో ఆ రక్తస్రావ లోపం ఎక్కువ.

క్యారియర్‌ని పారేయాల్సిన పని లేదు. టెస్టులో నార్మల్ వచ్చిన కుక్కతో కలిపితే తెల్లపిల్ల ఒక్కటీ పుట్టదు, సగం పిల్లలు మాత్రం క్యారియర్లవుతాయి. వాటికీ స్వాబ్ తీసి, కొనేవాళ్లకు రిపోర్టు చేతికివ్వండి. మీగడ రంగు రెండింటికీ వయసు రాగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. అరుదైన రంగని ఎక్కువ డబ్బిస్తామని వచ్చేవాళ్లకు మాత్రం ఇవ్వొద్దు, వాళ్లు అడిగేది బ్రీడింగ్ కోసమే.