మా వీధి నడక బృందం చెదిరిపోకుండా ఏం చేయాలి?

కర్నూలులో మా వీధిలోని ఆరు కుటుంబాలం కలిసి నడవడం మొదలుపెట్టాం. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు, పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కదా, అదే మా లెక్క. మొదట్లో ఒకరి తలుపు ఒకరు తట్టి లేపుకునేవాళ్లం. నిజం చెప్పాలంటే ఆ మొహమాటమే మమ్మల్ని నడిపించింది. ఎండలు ముదిరాక మూడు కుటుంబాలే మిగిలాయి. పొద్దున వంటపనితో ఆడవాళ్లకు తీరిక లేదు. పిల్లలకు ఉత్త నడక విసుగు; మావాడైతే కొండారెడ్డి బురుజు దాకా నడిచి, తిరిగి ఆటోలో వద్దామంటాడు! తొక్కుడుబిళ్ల, కబడ్డీ కలిపితే వస్తారా? సాయంత్రానికి మార్చాలా? మానేసినవాళ్లను నొప్పించకుండా మళ్లీ ఎలా పిలవాలి? ఇలాంటి బృందాన్ని ఏడాదైనా నిలబెట్టినవారు చెప్పగలరా?