సంధి లేనిచోట యడాగమం: పాకిస్తాన్‌తో చర్చలు, మనం వాడే మాటలు

నిన్న మన గ్రూపులో ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు పొడుగైంది. అందుకే విడి పోస్టుగా పెడుతున్నాను. ఆమె ప్రశ్న ఇది: “పాకిస్తాన్‌తో మళ్లీ మాటలు మొదలవుతాయా అనే వార్తల్లో ఒకరు సంధి అంటారు, ఒకరు కాల్పుల విరమణ అంటారు, టీవీలో శాంతి ఒప్పందం అంటారు. మూడూ ఒకటేనా మాస్టారూ?”

ఒకటి కావమ్మా. ఈ మూడింటినీ కలిపేయడం వల్లే మనకి ముందు లేనిపోని ఆశ, ఆ వెంటనే లేనిపోని కోపం వస్తున్నాయని నా అభిప్రాయం.

ముందు విరమణ సంగతి చూద్దాం. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపేశారు. వాళ్లలో మన విశాఖ వాసి కూడా ఉన్నారు. మే 7న మన సైన్యం ఆపరేషన్ సిందూర్ మొదలుపెట్టింది. మే 10 మధ్యాహ్నం 3.35కి పాకిస్తాన్ డీజీఎంఓ (సైనిక కార్యకలాపాలు చూసే పెద్ద అధికారి) మన డీజీఎంఓకి ఫోన్ చేశారు. సాయంత్రం 5 గంటల నుంచి నేల మీద, గాలిలో, సముద్రంలో కాల్పులు ఆపాలని ఇద్దరూ అనుకున్నారు. మన విదేశాంగ శాఖ దాన్ని ‘అవగాహన’ అంది. రెండు రోజుల తర్వాత ప్రధాని, ఆపరేషన్‌ని ఆపి ఉంచామే తప్ప ముగించలేదని చెప్పారు. మరి తెలుగులో విరమణ అంటే ఏమిటి? పదవీ విరమణ చేసినాయన సోమవారం మళ్లీ సీట్లో కూర్చోరు. సినిమా మధ్యలో లైట్లు వేస్తే అది విరామం. ధాతువు ఒకటే అయినా వాడుకలో దారులు వేరయ్యాయి. ఆ సాయంత్రం జరిగింది విరామం. ‘కాల్పుల విరమణ’ పేపర్లలో పాతుకుపోయిన మాట, దాన్ని ఇప్పుడు మార్చడం అయ్యే పని కాదు. చదివేటప్పుడైనా ఈ తేడా గుర్తుంటే చాలు.

ఇక సంధి. టీవీవాళ్ల ‘శాంతి ఒప్పందం’ కూడా ఈ కోవలోదే. పూర్వ పర స్వరాలకు పరస్వరం ఏకాదేశం కావడమే సంధి అని బాలవ్యాకరణం చెబుతుంది. రాముడు, అతడు కలిస్తే రాముడతడు. ‘డు’లో ఉన్న ఉకారం పోయింది. రెండు అచ్చుల్లో ఒకటి తప్పుకుంటేనే సంధి. రాజనీతిలో చాణక్యుడు ఇచ్చిన నిర్వచనం ఇంకా గట్టిది: ‘పణబంధః సంధిః’. షరతులు పెట్టుకోవాలి, వాటికి కట్టుబడాలి, కట్టుబడతామని పూచీ ఉండాలి.

భారత్, పాకిస్తాన్‌ల మధ్య ఇప్పుడు తప్పుకోడానికి సిద్ధంగా ఉన్నది ఎవరు? ఉగ్రవాదం, చర్చలు కలిసి సాగవని, మాట్లాడితే ఉగ్రవాదం గురించి, ఆక్రమిత కశ్మీర్ గురించే మాట్లాడతామని ఢిల్లీ అంటోంది. 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని పహల్గాం దాడి మర్నాడే పక్కన పెట్టింది. కశ్మీర్ సమస్య బల్ల మీదికి రావాలి, నీళ్ల ఒప్పందం మళ్లీ అమల్లోకి రావాలి అని ఇస్లామాబాద్ అంటోంది. పూచీ మాటకొస్తే మనకి 1999 గుర్తుంది. ఫిబ్రవరిలో వాజ్‌పేయి బస్సెక్కి లాహోర్ వెళ్లారు. 21న నవాజ్ షరీఫ్, ఆయన లాహోర్ ప్రకటన మీద సంతకాలు చేశారు. అణ్వాయుధాల వల్ల ప్రమాదం తగ్గించుకుందామన్న మాట అందులో స్పష్టంగా ఉంది. ఆ సమయానికే పాకిస్తాన్ సైన్యం కార్గిల్ కొండలెక్కే పనిలో ఉంది. సంతకం పెట్టేది ఒకరు, తుపాకీ చేతిలో ఉన్నది ఇంకొకరు అయినప్పుడు పణబంధం ఎలా నిలుస్తుంది? ఈ ప్రశ్నకి అక్కడి నుంచి ఇంతవరకూ గట్టి జవాబు రాలేదు.

అలాగని యుద్ధంలో గెలిచి సంధి రాయించుకునే దారీ లేదు. 1998 మే నెలలో మనం పోఖ్రాన్‌లో, వాళ్లు చాగైలో అణు పరీక్షలు చేశాక ఆ దారి మూసుకుపోయింది. 2025 మొదట్లో మన దగ్గర 180, వాళ్ల దగ్గర 170 అణ్వాయుధాలు ఉంటాయని స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి అంచనా. ముందుగా వాడబోమని మనం ప్రకటించాం. అటువైపు నుంచి అలాంటి మాట లేదు.

అందుకే నేను చెప్పదలచుకున్నది ఇంకో సూత్రం. అదే బాలవ్యాకరణంలో చిన్నయసూరి రాశారు: “సంధి లేనిచోట స్వరంబుకంటెం బరంబయిన స్వరంబునకు యడాగమంబగు.” మా, అమ్మ పక్కపక్కన వస్తే మాయమ్మ. ‘మా’లో ఆకారం పోలేదు, ‘అమ్మ’లో అకారం పోలేదు. మధ్యలో ఒక యకారం వచ్చి నిలబడింది. అది రాకపోతే రెండు అచ్చులూ ఢీకొంటాయి.

భారత్, పాకిస్తాన్‌ల మధ్య ఇప్పుడున్నది ఆ యకారమే. అణు కేంద్రాల మీద దాడి చేసుకోకూడదని 1988 డిసెంబరు 31న ఒప్పందం రాసుకున్నారు. దాని ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ జరిగినా, 2001లో పార్లమెంటు మీద దాడి జరిగినా, 2008లో ముంబయి జరిగినా ఆ కాగితం ఆగలేదు. 2005 అక్టోబరు ఒప్పందం ప్రకారం బాలిస్టిక్ క్షిపణిని పరీక్షిస్తే కనీసం మూడు రోజుల ముందు రెండో దేశానికి చెప్పాలి. 2008 నుంచి జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు చేతులు మారతాయి. డీజీఎంఓల హాట్‌లైన్ ఉంది. వీటిలో ఎవరూ ఎవరికీ ఏదీ వదులుకోలేదు. పెద్ద చర్చల ఆశ నాకు దగ్గర్లో కనిపించడం లేదు. కానీ ఈ యడాగమాలు పెంచుకోడానికి చోటు ఉంది, అది అడగాల్సిన బాధ్యత మనకీ ఉంది. ఉదాహరణకి 2005 ఒప్పందంలో విమానంలా ఎగిరే క్రూయిజ్ క్షిపణులు లేవు. వాటిని చేర్చడానికి ఎవరి జెండా కిందికి దిగనక్కర్లేదు.

స్పందన, భీమిలి నుంచి ఒక సభ్యురాలు:
మాస్టారూ, బడిలో పిల్లలకి ‘యడాగమ సంధి’ అనే చెబుతున్నాం కదా. పరీక్షలో అలా రాస్తేనే మార్కు. మీరేమో అది సంధే కాదంటున్నారు.

జవాబు:
అమ్మా, మార్కుల కోసం అలాగే రాయనివ్వండి, పిల్లల్ని కంగారు పెట్టొద్దు. కానీ సూత్రం మొదటి మాటే ‘సంధి లేనిచోట’ అని ఉంది. టీవీలో మే 10 రాత్రి ‘శాంతి ఒప్పందం కుదిరింది’ అని స్క్రోలింగ్ వేసినప్పుడు జరిగింది కూడా ఇలాంటి పొరపాటే. లేని సంధికి సంధి అని పేరు పెట్టారు. ఆ రాత్రే సరిహద్దులో డ్రోన్లు కనిపించేసరికి ‘ఒప్పందం చెడిపోయింది’ అన్నారు. కుదరనిది ఎలా చెడుతుంది?

స్పందన, పెదజాలారిపేట నుంచి ఒక సభ్యుడు:
గురువుగారూ, మా వైపు చర్చలు, సంప్రదింపులు అని ఎవరూ అనరు. కబురు అంటారు. కబురొచ్చిందా, కబురెట్టారా, అంతే. 2018 నవంబరులో గుజరాత్ వేరావల్ నుంచి బోట్లలో వేటకెళ్లిన ఉత్తరాంధ్ర జాలర్లని పాకిస్తాన్ వాళ్లు పట్టుకెళ్లారు. మా వాళ్లకి శ్రీకాకుళం వైపు చుట్టరికాలున్నాయి, అందుకే ఆ రోజుల్లో ఇక్కడ ఏ ఇంటికెళ్లినా అదే మాట. 2019లో పుల్వామా, బాలాకోట్ అయ్యాయి. ఆగస్టులో కశ్మీర్ 370 తర్వాత వాళ్లు మన హైకమిషనర్‌ని పంపేశారు, వ్యాపారం ఆపేశారు. ఇంక వీళ్లు రారనుకున్నాం. అయినా 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మందిని వదిలిపెట్టారు. పెద్దవాళ్లకి మాటల్లేని కాలంలోనే మా వాళ్లు ఇంటికొచ్చారు. మీరన్న ఖైదీల జాబితా వార్త పేపర్లో లోపల పేజీలో నాలుగు లైన్లు వేస్తారు. మేం ముందు చదివేది అదే.

జవాబు:
బాబూ, మీరు రాసింది నా పోస్టు మొత్తం కన్నా విలువైనది. సముద్రంలో గీత కనపడదు. గీత దాటినవాణ్ని శత్రువుగా చూడాలా, వేటగాడిగా చూడాలా అన్నది ఢిల్లీ, ఇస్లామాబాద్‌ల మూడ్ మీద ఆధారపడకూడదు. వాళ్ల జాలర్లు కూడా మన జైళ్లలో ఉంటారు, వాళ్ల ఇళ్లలోనూ ఇదే ఎదురుచూపు. శిక్ష పూర్తయినవాణ్ని ఇన్ని రోజుల్లోగా పంపేయాలి అన్న ఒక్క నియమం రెండువైపులా గట్టిగా అమలైతే, దానికి శిఖరాగ్ర సమావేశం అక్కర్లేదు. ఇంకో సంగతి, కబురు అన్న మాట అరబ్బీ ‘ఖబర్’ నుంచి మనకొచ్చింది. లాహోర్‌లో, కరాచీలో రోజూ అనే మాటే అది.

స్పందన, నేవీలో చేసి రిటైరైన సభ్యుడు, మల్కాపురం:
సర్, గౌరవంగానే విభేదిస్తున్నాను. జాబితాలు ఇచ్చుకుంటూనే కార్గిల్ వచ్చింది, ముంబయి వచ్చింది, పహల్గాం వచ్చింది. కాగితాలు దేన్ని ఆపాయి? 1971 డిసెంబరు 3, 4 మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన హార్బరు ముందుకే వచ్చింది. ఆ జలాంతర్గామి ఇప్పటికీ ఈ సముద్రం అడుగునే ఉంది. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం ముందు నిలబడేవాళ్లకి ఊరికే మాట్లాడుకోవడం మీద నమ్మకం పెట్టమంటే కష్టం.

జవాబు:
సర్, మీ మాటలో సగం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. యడాగమం దాడిని ఆపదు, ఆపుతుందని నేను అనను. దాడిని ఆపాల్సింది మీలాంటివాళ్ల కాపలా. యడాగమం ఆపేది పొరపాటుని. 2022 మార్చి 9న మన క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్లి, పాకిస్తాన్‌లో మియాఁ చన్నూ దగ్గర పడింది. ఎవరూ చనిపోలేదు. రెండు రోజుల తర్వాత మన రక్షణ శాఖ విచారం తెలిపింది, ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను తొలగించారు. అది మే 2025 లాంటి వారంలో జరిగి ఉంటే? అవతలివాడు నిమిషాల్లో నిర్ణయం తీసుకోవాలి, అడగడానికి ఫోన్ ఎత్తేవాడు ఉండాలి. మీకు తెలియనిది కాదు, అణు జలాంతర్గామి అరిహంత్‌ని 2009 జులై 26న నీళ్లలోకి దింపింది ఈ ఊళ్లోనే. అరిఘాత్‌ని 2024 ఆగస్టులో నౌకాదళంలో చేర్చింది ఇక్కడే. యుద్ధం అదుపు తప్పితే ముందు లెక్కలోకొచ్చే ఊళ్లలో మనది ఒకటి. బలం, కబురు రెండూ ఉండాలని విశాఖవాడు కాకపోతే ఎవరు అడుగుతారు?

స్పందన, ఆంధ్రా యూనివర్సిటీ విద్యార్థి:
సార్, ఒక అనువాదం కోసం అడుగుతున్నాను. బయటికి చెప్పకుండా ఇద్దరు ప్రతినిధులు కలిసి మాట్లాడుకునే దౌత్యాన్ని తెలుగులో ఏమనాలి? ‘లోపాయికారీ చర్చలు’ అని రాస్తే మా ఎడిటర్ కొట్టేశారు. ‘రాయబారం’ అనొచ్చా?

జవాబు:
మీ ఎడిటర్ సరిగ్గానే కొట్టేశారు తమ్ముడూ. లోపాయికారీ అనగానే చదివేవాడికి టెండర్లు, ఎన్నికలు గుర్తొస్తాయి, మోసం వాసన వస్తుంది. ‘మంతనాలు’ అనండి, కావాలంటే ‘రహస్య మంతనాలు’. 2005 నుంచి 2007 వరకు మన్మోహన్ సింగ్ తరఫున సతీందర్ లాంబా, ముషారఫ్ తరఫున తారిఖ్ అజీజ్ కలుసుకున్నది అలాగే. కశ్మీర్ మీద ఒక చిత్తుప్రతి దాకా వెళ్లారు. 2007లో ముషారఫ్ సొంత దేశంలో చిక్కుల్లో పడ్డారు, మరుసటి ఏడాది ముంబయి దాడితో అంతా ఆగిపోయింది. దగ్గరదాకా వచ్చిన సందర్భం ఏదైనా ఉందంటే నా లెక్కలో అదే. గుట్టుగా జరగడం వల్లే అంత దూరం వెళ్లింది. అటు జనానికీ, సైన్యానికీ, ఇటు జనానికీ చెప్పి ఒప్పించే పని మాత్రం మిగిలిపోయింది.

రాయబారం వద్దు. మన జిల్లాల్లో ఆ మాట వింటే శ్రీకృష్ణ రాయబారం నాటకం గుర్తొచ్చి చెవిలో హార్మోనియం మోగుతుంది. వెళ్లినవాడు ఉత్త చేతులతో తిరిగొస్తాడని, తర్వాత యుద్ధమేనని ప్రేక్షకుడికి ముందే తెలుసు. పైగా భారత్, పాకిస్తాన్ రెండూ కామన్‌వెల్త్ దేశాలు కాబట్టి అక్కడ ఉండేది రాయబారి కాదు, హైకమిషనర్. 2019 ఆగస్టు నుంచి ఆ కుర్చీలు రెండు రాజధానుల్లోనూ ఖాళీ. కింది స్థాయి అధికారులతో నడుపుతున్నారు, 2025లో సిబ్బందిని 30కి తగ్గించారు. మళ్లీ మాటలు మొదలవుతాయా అని చూసేవాళ్లు పెద్ద నాయకుల కరచాలనం కోసం కాకుండా ఆ కుర్చీల్లో ఎవరైనా కూర్చుంటారా అని చూస్తే మంచిది. అలాంటి వార్త వచ్చిన రోజు ‘సంబంధాల పునరుద్ధరణ’ అని రాయండి, సరిపోతుంది.