'పాపం ఎమిలీ': అనువాదంలో 'మేము' రాయాలా, 'మనం' రాయాలా?

విలియం ఫాక్‌నర్ కథ 'ఎ రోజ్ ఫర్ ఎమిలీ' (1930) తెలుగులోకి తెస్తున్నాను. ఒకచోట ఇరుక్కుపోయాను, సాయం చేయగలరా? కథ చదవనివాళ్లు ఇక్కడే ఆగండి, ముగింపు చెప్పేస్తున్నా.

కథ చెప్పేది ఒక మనిషి కాదు, 'వుయ్' అంటూ మాట్లాడే జెఫర్సన్ అనే ఊరు. ఎమిలీ ఏ కారణమూ చెప్పకుండా ఆర్సెనిక్ అనే విషం అడిగితే దుకాణదారు ఇచ్చేసి, పెట్టె మీద 'ఎలుకలకు' అని రాస్తాడు. ప్రియుడు హోమర్ బారన్ కనిపించడు. ఇంట్లోంచి దుర్వాసన వస్తే నలుగురు మగవాళ్లు అర్ధరాత్రి దొంగల్లా వెళ్లి సున్నం చల్లివస్తారు. ఎవరూ తలుపు తట్టి అడగరు. పైగా ఆమె మీద అసలైన జాలి మొదలైంది అప్పుడేనంటారు! చచ్చిన హోమర్ గురించి ఒక్క 'అయ్యో' లేదు. నాకైతే ఆ జాలి పరువు కాపాడుకోవడంలాగే కనిపిస్తుంది.

ఊరివాళ్లు అనే 'పూర్ ఎమిలీ'కి 'పాపం ఎమిలీ' అని రాశాను. మన 'పాపం'లో జాలీ ఉంది, చేసిన నేరమూ ఉంది కాబట్టి అది దానంతటదే కుదిరింది. చిక్కంతా 'వుయ్'తోనే. 'మేము' అంటే పాఠకుడు బయట నిలబడి ఊరిని తప్పుపడతాడు. 'మనం' అంటే అతనూ సున్నం చల్లినవాళ్లలో ఒకడవుతాడు. మొదట 'మేము' వాడి, చివర్లో మూసిన గది తలుపు పగలగొట్టి హోమర్ శవాన్ని చూసేచోట 'మనం'కి మారితే మరీ తెలివి చూపించినట్టుంటుందా?

ఇలాంటి కథనాన్ని అనువదించినవాళ్లెవరైనా ఉంటే, మీరేం చేశారో చెప్పండి.