పాత మోనో సినిమా పాటలను 5.1 సరౌండ్‌లోకి మార్చడం సమంజసమేనా?

పాతరీళ్ళు (చర్చ ప్రారంభం):

1957 నాటి ‘మాయాబజార్’ను 2010 జనవరి 30న రంగుల్లో మళ్ళీ విడుదల చేసినప్పుడు, బొమ్మకు రంగులద్దడంతో పాటు ధ్వనిని కూడా మోనో (ఒకే ఛానలు ధ్వని) నుంచి డీటీఎస్ 5.1కి (శ్రోత చుట్టూ ఉంచిన స్పీకర్లకు ఆరు ఛానళ్ళుగా పంపే సరౌండ్ ధ్వని) మార్చారు. అంతకు ముందే, 2004లో, హిందీ ‘మొఘల్-ఎ-ఆజమ్’ను పాత గాత్రాలను అలాగే ఉంచి, వాద్యసంగీతాన్ని కొత్తగా బలపరిచి, ఆరు ట్రాకుల డాల్బీ డిజిటల్‌లో విడుదల చేశారు. రంగుల మీద వాదోపవాదాలు విస్తారంగా జరిగాయి గాని, ధ్వనికి ఏం చేశారన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు ఇంట్లో కంప్యూటరు మీదే పాటను గాత్రంగా, వాద్యాలుగా విడదీసే ఉపకరణాలు రావడంతో, ఎవరికి తోచినట్టు వారు పాత పాటలకు సరౌండ్ రూపాలు తయారుచేస్తున్నారు. కనుక ఈ ప్రశ్నను సభ్యుల ముందు పెడుతున్నాను.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. మోనో ట్రాకుకు 5.1లో న్యాయంగా దక్కవలసిన చోటు తెర మధ్య స్పీకరుకు వెళ్ళే సెంటర్ ఛానల్ ఒక్కటే. ఆనాటి పాటల రికార్డింగులో గాయకులు, వాద్యబృందం చాలావరకు ఒకే హాలులో కలిసి పాడి వాయించేవారు. మైకులు కొద్ది. ఎవరి ధ్వని ఎంత వినపడాలన్నది మైకుకు ఎవరు ఎంత దూరంలో కూర్చున్నారన్నదాన్ని బట్టే ప్రధానంగా తేలేది. ఆ తూకమంతా చివరికి 35 ఎం.ఎం. ఫిల్ము అంచున ఒకే ఆప్టికల్ ట్రాకుగా (కాంతితో ముద్రించే ధ్వని గీతగా) ముద్రితమయ్యేది. అలా కలిసిపోయిన ధ్వనిలో ఈక్వలైజర్‌తో (ఎంచుకున్న పౌనఃపున్యాల దగ్గర ధ్వనిని పెంచే, తగ్గించే ఉపకరణంతో) 200 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెళ్ళు తగ్గిస్తే ఢోలకు మోత తగ్గుతుంది, దానితో పాటే గాయకుడి గొంతులోని నిండుదనమూ తగ్గుతుంది. ఒక్కదాన్ని ముట్టుకుని రెండోదాన్ని వదిలే వీలు ఈక్వలైజర్‌కు లేదు. ఇక లేని ఎడమ కుడులను, లేని వెనుక దిక్కును కల్పించడమంటే ఆ రికార్డిస్టు ఎన్నడూ చేయని నిర్ణయాలను ఆయన పేరు మీద మనం చేయడమే.

మిక్సింగ్‌బల్ల:

పాతరీళ్ళు గారు చెప్పిన రికార్డింగు పద్ధతితో నాకు పేచీ లేదు. పేచీ ‘ముట్టుకోకుండా వదిలేస్తే అదే అసలు ధ్వని’ అన్న భావంతోనే. ఫిల్ము మీద ఉన్నది సగం ధ్వని మాత్రమే. మిగతా సగం ఆనాటి సినిమా హాలుది.

1938లో హాలీవుడ్‌లో స్థిరపడిన అకాడమీ వక్రరేఖ ప్రకారం థియేటరు స్పీకరు నుంచి వచ్చే ధ్వని 5 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 10 డెసిబెళ్ళు, 8 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 18 డెసిబెళ్ళు దిగి ఉంటుంది. ఆప్టికల్ ట్రాకు హిస్‌ను (బుసబుసమనే సన్నని రొదను) కప్పిపుచ్చడానికి అది అవసరమైంది. హాలులో పై స్వరాలు అంతగా పడిపోతాయని తెలుసు కనుకనే మిక్సింగు చేసేవారు వాటిని ముందుగానే పెంచి ఫిల్ముకు ఎక్కించేవారు. ఈనాటి థియేటర్లు పాటించే ఎక్స్-కర్వ్ అనే వక్రరేఖ 2 కిలోహెర్ట్జ్ వరకు సమంగా ఉండి, ఆ పైన ఆక్టేవుకు (పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ) 3 డెసిబెళ్ళ చొప్పున దిగుతుంది. అంటే 8 కిలోహెర్ట్జ్ దగ్గర 6 డెసిబెళ్ళే. రెండింటి మధ్య తేడా 12 డెసిబెళ్ళు. పాత ట్రాకును ఉన్నదున్నట్టుగా ఈనాటి సెంటర్ స్పీకరులో వినిపిస్తే హిస్ రొద, కీచుదనం కలిసి చెవిని కోస్తాయి. మన ఊళ్ళలోని హాళ్ళన్నీ ఆ ప్రమాణాన్ని అక్షరాలా పాటించాయని నేననడం లేదు గాని, పాత హారన్ స్పీకర్ల స్వభావం కూడా అటువైపే ఉండేది. కాబట్టి ఈక్వలైజేషన్ అనేది ఇక్కడ అలంకారం కాదు, ఆనాటి హాలు చేసిన పనిని ఈనాడు మనం చేయడం.

ఇదే తర్కాన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకువెళ్ళండి. ఆనాటి థియేటరులో తెర వెనుక ఒకే చోటు నుంచి ధ్వని వచ్చినా, గట్టి గోడలు, ఎత్తయిన పైకప్పు దానికి తమ ప్రతిధ్వనిని జోడించేవి. ప్రేక్షకుడి చుట్టూ ధ్వని ఉండేది. ఈనాటి మల్టీప్లెక్సు గోడలు ధ్వనిని పీల్చేసుకుంటాయి. అటువంటి హాలులో సెంటర్ ఛానల్ ఒక్కటే మోగిస్తే తెర మధ్యలో చిన్న కిటికీ తెరిచి అందులోంచి పాట పంపినట్టు ఉంటుంది. మనం ఆనాటి అనుభవాన్ని కాపాడడం లేదు, దాని కంటే పేదదాన్ని ఇస్తున్నాం.

ఇంటిశ్రోత:

నాదొక చిన్న సందేహం. మా ఇంట్లో ఉన్నది సౌండ్‌బార్, సబ్ వూఫర్. బయట ఉన్నప్పుడు ఫోనులోనే వింటాను. ఈ 5.1 పాటలను నేను విన్నప్పుడు కొన్నిటిలో గొంతు బోలుగా, గొట్టంలోంచి వస్తున్నట్టుగా వినిపిస్తోంది. అదే పాట పాత క్యాసెట్టులో ఇలా ఉండేది కాదు. ఇది నా పరికరాల లోపమా, పాట తయారీలోని లోపమా?

పాతరీళ్ళు:

ఇంటిశ్రోత గారూ, మీ పరికరాల లోపం కాదు. 5.1 అంటే ముందు ఎడమ, మధ్య, కుడి, వెనుక పక్కల రెండు సరౌండ్లు, 120 హెర్ట్జ్ లోపు మంద్ర ధ్వనుల కోసం ప్రత్యేకించిన ఎల్ఎఫ్ఈ అనే ఛానలు. రెండు స్పీకర్లే ఉన్న పరికరంలో ఇవన్నీ కుదించుకోవాలి. అప్పుడు మామూలుగా సెంటర్‌ను, సరౌండ్లను 3 డెసిబెళ్ళు తగ్గించి ఎడమ కుడులలో కలుపుతారు. ఎల్ఎఫ్ఈని సాధారణంగా వదిలేస్తారు.

ఇప్పుడు మోనో పాటను సరౌండ్‌గా చేసిన తీరు చూడండి. వెనుక స్పీకర్లలో వేరే ధ్వని అంటూ ఏదీ లేదు కనుక, అదే పాటను కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసి అక్కడ పెడతారు. పెద్ద గదిలో, ఆరు స్పీకర్ల మధ్య ఇది విశాలంగానే వినిపిస్తుంది, ఎందుకంటే మన చెవి ముందుగా వచ్చిన ధ్వని దిక్కునే గుర్తించి, వెంటనే వచ్చిన రెండోదాన్ని దానిలో కలిపేసుకుంటుంది. దీన్నే హాస్ ప్రభావం అంటారు. కాని అవి రెండూ తీగల్లోనే కలిసి ఒకే స్పీకరుకు చేరితే కథ మారిపోతుంది. 10 మిల్లీసెకన్ల ఆలస్యం ఉన్న నకలును అసలుతో కలిపితే 50, 150, 250, 350 హెర్ట్జ్ ఇలా ప్రతి 100 హెర్ట్జ్‌కు ఒక గుంట పడుతుంది. 100, 200, 300 దగ్గర గుట్టలు లేస్తాయి. నకలు అసలు కంటే 6 డెసిబెళ్ళు తక్కువగా ఉన్నా, గుంటకు గుట్టకు మధ్య తేడా సుమారు తొమ్మిదిన్నర డెసిబెళ్ళు ఉంటుంది. మగ గొంతు ప్రధాన స్వరం తిరిగే మేర సరిగ్గా అక్కడే. మీరు విన్న గొట్టపు ధ్వని అదే.

సబ్ వూఫర్ సంగతీ చెప్పాలి. పాత ఆప్టికల్ ట్రాకులలో 60 హెర్ట్జ్ కింద సంగీతం దాదాపు ఉండదు. అక్కడ ఉండేది చాలాసార్లు 50 హెర్ట్జ్ కరెంటు హమ్. ఫిల్టరు పెట్టి కింది భాగాన్ని ఎల్ఎఫ్ఈకి పంపితే మీ గదిలో దద్దరిల్లేది తబలా బాయా కాదు, ఆనాటి విద్యుత్తు సరఫరా. దాన్ని తప్పించడానికి కొందరు కంప్యూటరుతో కొత్త మంద్ర ధ్వనిని పుట్టిస్తున్నారు. అది ఏ వాద్యకారుడూ వాయించనిది.

ఇది కొత్త జబ్బు కూడా కాదు. అమెరికాలో క్యాపిటల్ సంస్థ 1961లోనే ‘డ్యుయోఫోనిక్’ పేరుతో మోనో రికార్డులను స్టీరియోగా మార్చి అమ్మింది. కింది స్వరాలు ఒక వైపు, పై స్వరాలు ఇంకొక వైపు పెట్టి, మధ్యలో కాస్త ఆలస్యం చేర్చేవారు. ఆ రికార్డుల అసలు మోనో ప్రతుల కోసమే ఈనాటికీ శ్రోతలు వెతుక్కుంటున్నారు.

వీణవిద్యార్థిని:

వాద్యాలను విడదీసే ఉపకరణాల గురించి ఒక వాద్యకారిణిగా చెప్పవలసింది ఉంది. వీటిలో ఎక్కువ భాగం పాశ్చాత్య పాప్ సంగీతం మీద, గాత్రం, డ్రమ్స్, బాస్, మిగతావి అనే నాలుగు విభాగాలతో శిక్షణ పొందినవి. 2017లో వెలువడిన ముస్‌డీబీ-18 అనే 150 పాటల సంచయం ఈ పద్ధతికి బాగా వాడుకలో ఉన్న ఉదాహరణ. మృదంగం ఈ నాలుగింటిలో దేనిలోనూ ఇమడదు. నేను ఒక పాత భక్తిగీతాన్ని విడదీసి చూస్తే తొప్పి (మృదంగం ఎడమ వైపు) మోత బాస్‌లోకి, వలంతల (కుడి వైపు) నాదం కొంత డ్రమ్స్‌లోకి, కొంత ‘మిగతావి’లోకి పోయాయి. వాటిని తలా ఒక స్పీకరులో పెడితే ఒకే మృదంగం మూడు దిక్కుల నుంచి పలుకుతుంది.

గొంతును అనుసరించే వయొలిన్ విషయం ఇంకా కష్టం. ఒకే స్వరం మీద, ఒకే గమకంతో నడిచే రెండు ధ్వనుల హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటు పలికే పై పౌనఃపున్యాలు) ఒకదాని మీద ఒకటి పడతాయి. ఏ భాగం గొంతుదో, ఏ భాగం తీగదో ఉపకరణం ఊహించవలసిందే. ఊహ తప్పిన చోట గొంతు నీళ్ళలోంచి వినిపించినట్టు వణుకుతుంది.

పద్యప్రియుడు:

నేను సాంకేతికుణ్ణి కాను, పద్యాలు వినేవాణ్ణి. హిస్ తీసేసిన ప్రతులలో శకార, షకార, సకారాల భేదం నాకు వినపడకుండా పోతోంది. ఘంటసాల గారు పద్యం చదివితే ఒక్కొక్క అక్షరం విడివిడిగా నిలబడేది. శుభ్రపరిచిన ప్రతిలో మూడూ ఒకే మెత్తని ఊపిరిగా మిగిలాయి. సరౌండ్ వచ్చినా రాకపోయినా, ఇది మాత్రం నాకు తీరని లోటు.

మిక్సింగ్‌బల్ల:

పద్యప్రియుడు గారి ఫిర్యాదు నూటికి నూరుపాళ్ళు సబబైనది, దానికి కారణమూ స్పష్టం. సకారం బలమంతా సుమారు 4 కిలోహెర్ట్జ్ పైన ఉంటుంది, శకారం దాని కంటే కిందికి, షకారం ఇంకా కిందికి. ఇవి మూడూ స్వరం లేని ఊపిరి ధ్వనులు, అంటే స్వభావంలో హిస్‌కు చుట్టాలు. నాయిస్ రిడక్షన్‌ను గట్టిగా వాడితే యంత్రం వాటిని కూడా రొదగానే లెక్కగట్టి తగ్గిస్తుంది. తగ్గాక 8 కిలోహెర్ట్జ్ దగ్గర ఈక్వలైజర్‌తో ఎంత ఎత్తినా అవి తిరిగి రావు. నా పనిలో నేను హిస్‌ను 4 నుంచి 6 డెసిబెళ్ళ కంటే ఎక్కువ తగ్గించను. పాట కింద కాస్త హిస్ మిగలడమే మేలు.

వీణవిద్యార్థిని గారి మాటకు వస్తే, ఉపకరణాల శిక్షణ మన వాద్యాలకు చాలదన్నది నిజమే, కాని అది శాశ్వత లోపం కాదు. బీటిల్స్ ‘రివాల్వర్’కు 2022లో కొత్త మిక్సు చేసినప్పుడు, ఒకే ట్రాకులో కలిసిపోయిన వాద్యాలను యంత్రాభ్యాసంతో (మెషీన్ లెర్నింగ్‌తో) విడదీశారు. మన మృదంగం, తబలా, వీణ, నాదస్వరాలను విడివిడిగా రికార్డు చేసి శిక్షణ ఇస్తే ఫలితాలు మారతాయి.

పాతరీళ్ళు గారి గుంటలు, గుట్టల లెక్కకు నా జవాబు ఇది. ఆలస్యం చేసిన నకలును సరౌండ్‌లో పెట్టడం నాసిరకం పని, దాన్ని నేనూ సమర్థించను. నేను సమర్థించేది వేరొకటి. పాటను సెంటర్‌లోనే ఉంచి, ఒక నిజమైన పాత హాలు ప్రతిధ్వనిని కొలిచి, ఆ ప్రతిధ్వని తోకను మాత్రమే సరౌండ్లలో, సెంటర్ కంటే 15 నుంచి 20 డెసిబెళ్ళ తక్కువ స్థాయిలో పెట్టాలి. ఆ తోక వేలాది చిన్న ప్రతిఫలనాల గుంపు, ఒకే ఆలస్యం ఉన్న నకలు కాదు. కనుక కుదించినప్పుడు వరస గుంటలు పడవు, ఆ స్థాయిలో దాని ప్రభావమూ స్వల్పమే.

పాతరీళ్ళు:

ఈ రూపానికి నా అభ్యంతరం చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే ఇందులో కొత్తగా చేరుతున్నది హాలే గాని వాద్యం కాదు, గాత్రం తన చోటు వదలడం లేదు. అయినా మూడు షరతులు లేకుండా దాన్ని విడుదల చేయకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. మొదటిది, నెగెటివ్ నుంచి గాని, దొరికిన మంచి ప్రింటు నుంచి గాని ఏ ఈక్వలైజేషనూ లేకుండా 24 బిట్ల, 96 కిలోహెర్ట్జ్ డిజిటల్ ప్రతి తీసి భద్రపరచాలి. రేపు మెరుగైన ఉపకరణం వచ్చినప్పుడు మొదలుపెట్టవలసింది అక్కడి నుంచే గాని, ఈనాటి మన అభిరుచి అంటిన ప్రతి నుంచి కాదు. రెండోది, సరౌండ్ రూపంతో పాటు మోనో రూపాన్ని కూడా శ్రోతకు అందుబాటులో ఉంచాలి. మూడోది, ఏం చేశారో పాట వివరాలలోనే రాయాలి.

సరిపోల్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. రెండు ప్రతుల స్థాయిని బీఎస్ 1770 అనే లౌడ్‌నెస్ (వినపడే గట్టిదనం) కొలత ప్రమాణంతో సమం చేయకుండా వినిపిస్తే, ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నదే శ్రోతకు మెరుగని తోస్తుంది. 5.1 పాటలు బాగున్నాయని వచ్చే మెచ్చుకోళ్ళలో ఎంత భాగం విశాలత్వానిదో, ఎంత భాగం కేవలం శబ్దస్థాయిదో ఈ పని చేయనిదే తేలదు.

మిక్సింగ్‌బల్ల గారూ, మీ దగ్గర ఏదైనా పాత హాలు ప్రతిధ్వని కొలత ఉంటే, హక్కుల చిక్కు లేని ఒక పద్యాన్ని మనమే మోనోలో పాడించి రికార్డు చేసి, సెంటర్ మాత్రమే ఉన్న రూపం, మీరు చెప్పిన రూపం, ఆలస్యపు నకలు ఉన్న రూపం, మూడింటినీ సమస్థాయిలో ఇక్కడ పెడదాం. వాటిని ఫోనులో, సౌండ్‌బార్‌లో, థియేటరులో విడివిడిగా వినాలి. పద్యప్రియుడు గారు శ, ష, స లను, వీణవిద్యార్థిని గారు మృదంగాన్ని పరీక్షిస్తే బాగుంటుంది. సరౌండ్ స్థాయి 15 డెసిబెళ్ళ తక్కువలో ఉండాలా, 20లో ఉండాలా అన్నది ఆ వినికిడి తరువాతే తేల్చుకుందాం.