పదవీ విరమణకు ముందు ఇల్లు: ఊరి చివరా, నడిబొడ్డునా?

మూడేళ్లలో నా ఉద్యోగం ముగుస్తుంది. జీతం ఆగాక బ్యాంకు రుణం దొరకడం కష్టం కాబట్టి ఇప్పుడే ఇల్లు కొనాలనుకుంటున్నాం. రెండు చోట్లు చూశాం. ఊరి చివర కొత్త కాలనీలో చెట్లు, మంచి గాలి, విశాలమైన గదులు ఉన్నాయి. నడిబొడ్డున ఉన్న పాత పేటలో ఇల్లు ఇరుకు, రోజంతా రొద. కానీ ఆసుపత్రి, మందుల దుకాణం, బస్సు అన్నీ నడక దూరంలోనే.

నన్ను వేధిస్తున్నది కారు సంగతి. ఇప్పుడు నేనే నడుపుతున్నాను కనుక దూరం భారమనిపించదు. 75 ఏళ్లకు చూపు మందగిస్తే? నా భార్యకు కారు నడపడం రాదు, పైగా రక్తపోటు ఉంది. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వస్తే, దాన్ని కరిగించే మందు సాధారణంగా 4.5 గంటల్లోపే ఇవ్వాలి. ఆ చికిత్స అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు. అందుకే నా మనసు పాత పేట వైపే లాగుతోంది. ఆమెకు మాత్రం చెట్లున్న చోటే ఇష్టం. ఆ కోరికను కాదనాలని నాకు లేదు.

ఇలాంటి నిర్ణయం తీసుకుని కొన్నేళ్లు గడిపినవారు దయచేసి చెప్పండి. ముందు కొన్ని నెలలు అద్దెకు ఉండి చూడటం ఉపయోగపడిందా? పిల్లలు దూరాన ఉన్నవారికి ఇరుగుపొరుగు ఎక్కడ తోడయ్యారు?